హుషారు లేదంటే ఏమిటి?



ఒంట్లో బాగలేదని చెప్పడానికి ఎంత భాష కావాలి? ఒక్క మాట చాలనుకుంటాం. ఆ ఒక్క మాటే ఒక్కోసారి దారి తప్పిస్తుంది.

పావగడ తాలూకాలోని వల్లూరు సంగతే చూడండి. తాలూకా కర్ణాటకలో తుమకూరు జిల్లాది. దాని చుట్టూ చాలావరకు ఆంధ్రప్రదేశ్. ఇంట్లో తెలుగు మాట్లాడేవారికి కూడా బడిలో, కచేరీలో కన్నడం కావాలి. జబ్బు చేస్తే ఒకరు పావగడకు పోతే, ఇంకొకరు సరిహద్దు దాటి హిందూపురం పోవచ్చు.

కన్నడంలో ‘నన్న మగనిగె హుషారిల్ల’ అంటే మా అబ్బాయికి ఒంట్లో బాగలేదని అర్థం. అదే అలవాటుతో తెలుగు డాక్టరు దగ్గర ‘మావాడికి హుషారు లేదు’ అంటే, ఆయన ‘ఏం, బడికి పోనంటున్నాడా?’ అనవచ్చు. తెలుగులో హుషారంటే ఉత్సాహం. ‘హుషారాగి హోగి బా’ అని కన్నడంలో అంటే జాగ్రత్తగా వెళ్ళి రమ్మని. ఈ మాట పారసీ నుంచి వచ్చింది. అక్కడ ‘హోష్’ అంటే స్పృహ, తెలివి. ఒక్కో భాష ఒక్కో అర్థాన్ని పట్టుకుంది.

‘సుస్తీ’ ఇంకా చిక్కు. తెలుగులో సుస్తీ చేసిందంటే జబ్బు చేసిందని. కన్నడంలో ‘సుస్తు’ అంటే అలసట. హిందీలో సుస్తీ అంటే బద్ధకం. ‘మా నాయనకు సుస్తీగా ఉందయ్యా’ అని కన్నడ డాక్టరుతో అంటే, ఆయనకు వినిపించేది అలసట మాత్రమే. లోపల కాగుతున్న జ్వరం మాటలో కనపడదు.

ఈ తిప్పలు మనకొక్కరికే కాదు. స్పానిష్ నేర్చుకునేవారికి ‘మాలో’ అనే విశేషణం ఇలాంటిదే. మాలో అంటే చెడ్డ. ఆ భాషలో మనిషి ఎలాంటివాడో చెప్పడానికి ఒక క్రియ, ఇప్పుడెలా ఉన్నాడో చెప్పడానికి మరొక క్రియ. ‘సోయ్ మాలో’ అంటే నేను చెడ్డవాణ్ణి. ‘ఎస్తోయ్ మాలో’ అంటే, స్పెయిన్ వాడుకలో, నాకు ఒంట్లో బాగలేదు. క్రియ మారితే రోగి కాస్తా దుర్మార్గుడవుతాడు! ఇది మనకు మరీ కొత్త కాదు. ‘మంచివాడు కాదు’, ‘బాగా లేదు’ అనేటప్పుడు కాదు, లేదు కలపము కదా! కన్నడంలోనూ అల్ల వేరు, ఇల్ల వేరు.

కనుక ఆసుపత్రిలో ఒక్క మాటతో ఆగకండి. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళ నుంచి, జ్వరముందా, వాంతులున్నాయా, ఏ మాత్ర మింగారు — ఇవి చెప్పండి. మాట రాకపోతే నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టి చూపండి. పెద్దవాళ్ళ వెంట రెండు భాషలూ తెలిసినవారిని పంపండి.

మీరంతా హుషారుగా ఉండాలి — తెలుగు అర్థంలోనూ, కన్నడ అర్థంలోనూ. సెలవు.