బంతికి ఒంపు నేర్పడం
(యువజనుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవంలో గోల్ఫు గురించి తెలుగులో మాట్లాడతానంటే కార్యదర్శిగారు నవ్వారు. భజనలకు, పెళ్ళిపత్రికలకు తప్ప మన తెలుగు ఇంకెందుకూ పనికిరాదా అని అడిగాను. మా తాతగారు ఒప్పందపు కూలీగా నటాలు చెరకుతోటలకు వచ్చినప్పుడు పనీ పాటా, కోపం, నవ్వు అన్నీ ఈ భాషలోనే సాగాయి. నేను మూడో తరంవాడిని. పగలు బడిలో లెక్కలు చెబుతూ, సాయంకాలపు తరగతిలో అక్షరాలు దిద్దుకున్నాను. మాట తడబడితే మన్నించండి.

కొత్తగా ఆడేవారందరూ బంతి తిన్నగా పోవాలని కోరుకుంటారు. తిన్నగా పోయే బంతి చాలా అరుదు. ఎటో ఒకవైపు కొద్దిగా వంగుతుంది. ఆ ఒంపు మన ఇష్టప్రకారం రావడమే విద్య. కుడిచేతి వాటంవారికి బంతి కుడిగా బయలుదేరి ఎడమకు తిరిగితే డ్రా అంటారు. నేను దానిని ఎడమ ఒంపు అంటాను. ఎడమగా బయలుదేరి కుడికి తిరిగితే ఫేడ్, అంటే కుడి ఒంపు. ఇవే అదుపు తప్పితే హుక్, స్లైస్ అవుతాయి.

ఒంపు ఎందుకు వస్తుంది? కర్ర తగలగానే బంతి వెనక్కు గిరగిర తిరుగుతూ లేస్తుంది. బంతి మీద ఉన్న 300, 400 చిన్న గుంటలు గాలిని పట్టుకొని దానిని పైకి ఎత్తుతాయి. ఆ తిరుగుడు నిటారుగా ఉంటే బంతి తిన్నగా లేస్తుంది. ఒక పక్కకు ఒరిగితే బంతి ఆ పక్కకే వంగుతుంది. ఒరగడానికి కారణం రెండు విషయాల తేడా: కర్ర ముఖం ఎటు చూస్తున్నది, కర్ర ఏ దారిన వస్తున్నది. దారికంటే ముఖం ఎడమకు చూస్తే ఎడమ ఒంపు, కుడికి చూస్తే కుడి ఒంపు.

ఇక్కడ పాత పుస్తకాలు పిల్లలను తప్పుదారి పట్టించాయి. బంతి ఊపు దారిలో బయలుదేరి, ముఖం చూసినవైపు చేరుతుందని వాటిలో ఉండేది. రాడారు యంత్రాలు, వేగపు కెమేరాలు వచ్చిన తరువాత తేలిందేమిటంటే, బంతి బయలుదేరే దిక్కును ఎక్కువగా నిర్ణయించేది ముఖమే. ఐరను కర్రలతో సుమారు నాలుగింట మూడు పాళ్ళు, డ్రైవరుతో ఇంకా ఎక్కువ. పాత పాఠం నమ్మి చెట్టును తప్పించబోయినవాడు చెట్టునే కొడతాడు.

కనుక ఎడమ ఒంపు కావాలంటే ముఖం గురికి కొంచెం కుడిగా ఉండాలి, పాదాలు, భుజాలు, ఊపు ఇంకొంచెం కుడిగా ఉండాలి. చేతులు చివరిక్షణంలో మెలిపెట్టడం వద్దు. ఏడో నంబరు ఐరనుతో మొదలుపెట్టండి. పది అడుగుల ముందు నేలలో ఒక కర్ర గుచ్చి, బంతిని దాని కుడిపక్కగా పంపి, వెనక్కు తిరిగి వస్తుందో లేదో చూడండి. రాకపోతే దారి చాలలేదన్నమాట. డ్రైవరుతో ఒంపు సులువుగా వస్తుంది. పొట్టి వెడ్జితో వెనక తిరుగుడు ఎక్కువ కాబట్టి బంతి అంతగా వంగదు. పొడుగు గడ్డిలోనుంచి కూడా అంతే.

రెండు ఒంపులూ ఒకేసారి నేర్చుకోవద్దని నా సలహా. మన దేశపు బాబీ లాక్ దాదాపు ప్రతి దెబ్బా ఎడమ ఒంపుతోనే కొట్టి 1949, 1950, 1952, 1957లలో బ్రిటిషు ఓపెను గెలిచాడు. ఒక్క ఒంపు నమ్మకంగా ఉంటే మైదానంలో సగం భయం పోతుంది. డర్బనులో ఈశాన్యపు గాలి ఒకరోజు, నైరుతి గాలి మరొకరోజు వీస్తాయి. ఏ రోజు ఒంపు గాలితో కలుస్తుందో, ఏ రోజు గాలికి ఎదురు నిలుస్తుందో తెలిస్తే చాలు.

పెద్ద ఒంపు చూడాలంటే 2012 మాస్టర్సు చూడండి. మన ఊస్తైజెను మీద అదనపు ఆటలో బబ్బా వాట్సను చెట్ల మధ్య చిక్కుకున్నాడు. అతనిది ఎడమచేతి వాటం. వెడ్జి ముఖాన్ని మూసి కొడితే బంతి సుమారు 40 గజాలు కుడికి తిరిగి గుంట ఉన్న పచ్చిక మీదకు వచ్చింది. మనవాడు ఓడినందుకు బాధే కాని, ఆ దెబ్బను మెచ్చుకోకుండా ఉండలేము.

చివరకు పాప్వా సెవ్‌గోలం సంగతి. ఆయన తెలుగువారు కారు, కాని మన డర్బను బిడ్డ. చిన్నతనంలో తెల్లవారి సంచులు మోస్తూ, చూసి నేర్చుకున్నారు. అందరూ కుడిచెయ్యి కింద పెడితే, ఆయన ఎడమచెయ్యి కింద పెట్టి పట్టేవారు. ఏ గురువూ ఒప్పుకోని పట్టు అది. ఆ పట్టుతోనే 1959, 1960, 1964లలో డచ్చి ఓపెను గెలిచారు. 1963లో డర్బను కంట్రీ క్లబ్బులో నటాలు ఓపెను గెలిచినప్పుడు, తెల్లవారు భవనం లోపల ఉండగా ఆయనకు బహుమతి బయట వానలో ఇచ్చారు. 1965లో గ్యారీ ప్లేయరును కూడా ఓడించారు. తరువాత ప్రభుత్వం ఆయనను పెద్ద పోటీలలో ఆడనివ్వలేదు. 1978లో పోయారు. ఏ చెయ్యి కింద ఉన్నదో బంతికి తెలియదు. దానికి తెలిసినది ముఖము, దారి మాత్రమే. ఆటగాడి చర్మం రంగు చూసినది ఆ భవనం.

ఆ మైదానాలు మనకు తెరిచి ఎన్నో ఏండ్లయింది. మన ఆడపిల్లలు మాత్రం ఇంకా అంతగా రావడం లేదు. తల్లిదండ్రులు ఈ విషయం ఆలోచించాలి. భోజనాల తరువాత మైదానం చివర ఒక బుట్టెడు బంతులతో ఉంటాను. ఏడో నంబరు ఐరన్లు మూడున్నాయి, వాటిలో ఒకటి ఎడమచేతి వాటంవారికి. అక్కడ లెక్కపెట్టడం, కుడి, ఎడమ చెప్పడం అంతా తెలుగులోనే.