కడలి యొడ్డున కావలి



చేనికి కావలి కాయుట మీకు తెలియని పని కాదు. పంట చేతికి వచ్చువేళ మంచె వేసికొని, నిద్ర మాని, పందులను తోలుదుము. ఆ పంట మనది గనుక అందులో వింత లేదు. కాని ఎవరి పట్టాలోను లేని ఇసుక తిన్నెలకు, జీతము లేకుండ కావలి కాయువారు కొందరు కలరు. వారిలో నేనొకడను. ఆ పనిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

శ్రీకాకుళము జిల్లాలో వంశధార సముద్రమున కలియుచోట కళింగపట్నము కలదు. దానికి చేరువనున్న తీరమున మూడు కిలోమీటర్ల మేర మేము అయిదుగురము వంతులు వేసికొని, పుష్యము మొదలు చైత్రము వరకు, ప్రతిదినము తెల్లవారుజామున నడచుచుందుము. మేము వెదకునది తాబేళ్ల జాడ. ఆలివ్ రిడ్లీ అను సముద్రపు తాబేలు రాత్రివేళ ఒడ్డెక్కి, వెనుకకాళ్లతో మూరెడు లోతు గుంట త్రవ్వి, నూరు, నూట యిరువది గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి మరలిపోవును. పిమ్మట ఆ గుంట వంక చూడదు. 45 మొదలు 60 దినములలో ఇసుక వేడిమికే పిల్లలు వెలువడును. ఇసుక మిక్కిలి వేడిగా నున్న ఆడపిల్లలు, చల్లగా నున్న మగపిల్లలు హెచ్చుగా పుట్టుట ప్రకృతి విచిత్రము.

జాడ కనబడినచో తేదీని, చోటును పుస్తకమున వ్రాసి, అటవీశాఖవారికి తెలుపుదుము. ఈ తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలోనిది. వారి అనుమతి లేక గ్రుడ్డును తాకరాదు. అపాయకరమైన చోటనున్న గ్రుడ్లను కంచె వేసిన తావునకు తరలింపవలసినచో, కొలది గంటలలోనే, పైది క్రిందు కాకుండ తరలింపవలెను. ఆలస్యమై గ్రుడ్డు దొర్లినచో లోని పిండము చచ్చును.

చచ్చి కొట్టుకొనివచ్చిన తాబేళ్లను సైతము లెక్క వ్రాయుదుము. తాబేలు నీటనుండునదే యైనను మనవలె గాలి పీల్చును. మరపడవలు ఈడ్చు వలలో చిక్కినచో పైకి రాలేక ఊపిరాడక చచ్చును.

ఇక నా తప్పొకటి చెప్పెదను. మొదటి ఏట మాఘమాసమున నా వంతు ఆరు దినములు వచ్చినది. అయిదు దినములు నడచితిని. జాడ యొక్కటియు లేదు. అయిదు మారులు ‘ఏమియు కనబడలేదు’ అని వ్రాసితిని. ఆరవనాడు మంచు దట్టముగ పడుచుండెను. నేడును ఉండదులే యని దుప్పటి కప్పుకొని పండుకొంటిని. లేచిన పిమ్మట ఇంటనే కూర్చుండి, ఆ మాటయే ఆరవమారు వ్రాసితిని.

మరునాడు ఒడ్డున వల బాగుచేయుచున్న వృద్ధ జాలరి యొకడు నన్ను చూచి, “నిన్న రానేదేటి బాబూ? కుక్కలు గుడ్లన్నీ తోడేసినాయి” అనెను. పోయి చూచితిని. గుంట చుట్టును కుక్కల యడుగులు. చినిగిన కాగితములవలె గ్రుడ్ల తోళ్లు. నేను నడచియుండిన ఆ గ్రుడ్లు దక్కెడివో లేదో చెప్పజాలను. కాని నా వ్రాత మాత్రము అబద్ధమయ్యెను. ఆ వాక్యమును కొట్టివేసి, దాని ప్రక్కనే ‘నేను పోలేదు’ అని వ్రాసితిని. ఆ పుస్తకము నేటికిని మా యొద్దనున్నది.

పెద్దలారా, ‘కనబడలేదు’ అనుటకును ‘చూడలేదు’ అనుటకును నడుమ ఎంతో దూరము కలదు. పూర్వము కరణము అడంగలులో పైరు పెట్టిన చేనినే కాక, బీడును బీడని వ్రాసెడివాడు గదా! బీడు వ్రాయని లెక్కను నమ్మి పన్ను కట్టువాడెవడు? ఒడిస్సాలోని గంజాము జిల్లాలో ఋషికుల్యా నది ముఖమున లక్షల తాబేళ్లు కొలది దినములలోనే వచ్చి గ్రుడ్లు పెట్టుననుట 1994లో శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది. కొన్ని ఏండ్లు అవి అట్లు గుంపుగా రాకపోవుటయు కలదు. రాలేదను సంగతి మాత్రము ఎట్లు తెలిసెను? ఎవరో పోయి చూచిరి గనుకనే. చెన్నపట్టణమున 1988 నుండి విద్యార్థులు సంఘముగా ఏర్పడి, గ్రుడ్లు పెట్టు కాలమున రాత్రులందు తీరము వెంబడి నడచి గూళ్లను లెక్కించుచున్నారు. వారి పుస్తకములలోను వట్టి రాత్రులు ఎన్నియో యుండును. ఆ వట్టి రాత్రులవలననే తక్కిన రాత్రులకు విలువ.

కావున తీరగ్రామముల పెద్దలకు నా మనవి యిది. గ్రుడ్లు పెట్టు దినములలో కుక్కలను ఒడ్డునకు పోనీయకుడు. పిల్లలు వెలువడు రాత్రులందు ఒడ్డు వైపు దీపములను ఆర్పించుడు. పుట్టిన పిల్ల వెలుగు కనబడిన దిక్కునకే ప్రాకును, దీపమును చూచి ఊరి దారి పట్టి చచ్చును. మీ ఊరి పడుచువారిలో ఇద్దరిని, వారికి ఒక పుస్తకమును నియమింపుడు. పోయిననాడు చూచినది వ్రాయుమనుడు. పోనినాడు పోలేదని వ్రాయుమనుడు. ఈ రెండవదే కష్టతరము. పెద్దలు చెప్పినగాని కుర్రవారికి అది అలవడదు.

సెలవు.