జీతం ఆగకముందే మొదలుపెట్టాల్సిన లెక్క

ఈ మధ్య మీ దగ్గర్నుంచి ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటే. "ఉద్యోగం మానేసి సొంతంగా పని మొదలుపెట్టాలంటే చేతిలో ఎంత డబ్బు ఉండాలి?" దీనికి అందరూ చెప్పే జవాబు ఆరు నెలల ఖర్చు. సరే, బానే ఉంది. కానీ మీ నెల ఖర్చు ఎంత అని అడిగితే మనలో చాలామంది చెప్పే అంకె, అసలు అంకె కన్నా తక్కువే ఉంటుంది. అబద్ధం చెప్తామని కాదు. జీతం ఉన్నంతకాలం ఆ అంకె తెలుసుకోవాల్సిన అవసరమే రాదు.

జీతం మనకి కనిపించకుండా చాలా పనులు చేసిపెడుతుంది. టాక్స్ కట్ చేసి కట్టేస్తుంది. పీఎఫ్ దాచిపెడుతుంది. హెల్త్ ఇన్సూరెన్స్ ఇస్తుంది. వీటన్నిటికన్నా పెద్దది, ప్రతి నెలా ఒకే తారీఖున ఒకే మొత్తం అకౌంట్‌లో వేస్తుంది. ఒకరకంగా మన గుమాస్తా పని కంపెనీయే చేస్తోందన్నమాట. చివరి వర్కింగ్ డే తర్వాత ఆ పని మన నెత్తిన పడుతుంది. అందుకే లెక్క రాయడం మానేశాక మొదలుపెట్టేది కాదు. కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టాలి. అదెలాగో ఈ రోజు చూద్దాం.

ముందు ఖర్చు వైపు చూద్దాం. హైదరాబాద్‌లో ఒక్కడే ఉంటున్న ఒక కుర్రాడి లెక్క ఉదాహరణగా వేస్తాను. అద్దె 18,000. సరుకులు, కూరగాయలు, గ్యాస్ 9,000. కరెంట్, ఇంటర్నెట్, ఫోన్ 3,000. పెట్రోల్, బయట తిండి 7,000. బండి ఈఎమ్ఐ 5,000. ఊళ్ళో అమ్మానాన్నలకి పంపేది 15,000. మొత్తం 57,000. ఇతన్ని అడిగితే "నెలకి 57 వేలు" అంటాడు.

ఇప్పుడు నెలనెలా రాని ఖర్చులు చూడండి. తనకీ, అమ్మానాన్నలకీ కలిపి హెల్త్ ఇన్సూరెన్స్ ఏడాదికి 48,000 అనుకుందాం. టర్మ్ ప్లాన్ 14,000. సంక్రాంతికి ఊరెళ్ళడం, బట్టలు 30,000. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, చదివింపులు 15,000. బండి సర్వీసింగ్, ఇన్సూరెన్స్ 10,000. డాక్టర్, మందులు, పన్ను నొప్పి లాంటివి 12,000. సబ్‌స్క్రిప్షన్లు 6,500. ఇంకోటి ఉంది. 90,000 పెట్టి కొన్న లాప్‌టాప్ నాలుగేళ్ళు వస్తుంది, 30,000 పెట్టి కొన్న ఫోన్ మూడేళ్ళు వస్తుంది అనుకుంటే, ఏడాదికి 32,500 పక్కన పెట్టాలి. సొంత పనిలో లాప్‌టాప్ పాడైతే ఐటీ టీమ్ వచ్చి కొత్తది ఇవ్వదు కదా.

ఇవన్నీ కలిపితే 1,68,000. పన్నెండుతో భాగిస్తే నెలకి 14,000. అంటే అసలు ఖర్చు 57 కాదు, 71 వేలు. ఇతని దగ్గర 6 లక్షలు ఉన్నాయనుకోండి. 57 లెక్కన పదిన్నర నెలలు. 71 లెక్కన ఎనిమిదిన్నర. రెండు నెలలు తగ్గిపోయాయి. కొత్తగా క్లయింట్లని వెతుక్కునే మనిషికి రెండు నెలలంటే చాలా పెద్ద తేడా.

ఇందులో హెల్త్ ఇన్సూరెన్స్ గురించి విడిగా చెప్పాలి. కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీ మామూలుగా ఉద్యోగంతోపాటే పోతుంది. కొత్తగా తీసుకునే పాలసీలో బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే, ఉద్యోగంలో ఉండగానే సొంత పాలసీ తీసుకోండి. ఆ ప్రీమియం ఇప్పట్నుంచే మీ లెక్కలో కనిపించాలి.

ఇక ఎలా రాయాలి? మనం ఇంజనీర్లం కాబట్టి ముందు దీనికో యాప్ రాసేద్దాం అనిపిస్తుంది. వద్దండి. ఒక గూగుల్ షీట్ చాలు. తారీఖు, ఎంత, దేనికి, ఏ పద్దు. నాలుగే కాలమ్స్. పద్దులు ఎనిమిది దాటనివ్వకండి. మన చిల్లర ఖర్చంతా యూపీఐలోనే పోతుంది. స్టేట్‌మెంట్‌లో మనిషి పేరో షాపు పేరో ఉంటుంది గానీ ఏం కొన్నామో ఉండదు. రెండు వారాల తర్వాత ఆ 340 రూపాయలు దేనికో గుర్తు రాదు. అందుకని స్కాన్ చేసేటప్పుడే నోట్‌లో ఒక్క ముక్క రాయండి. పాలు, ఆటో, మందులు. ఆదివారం ఒక ఇరవై నిమిషాలు కూర్చుని షీట్‌లో ఎక్కించేస్తే సరిపోతుంది. క్రెడిట్ కార్డ్ అయితే బిల్లు కట్టిన రోజు కాకుండా, కొన్న రోజున రాయండి.

ఇప్పుడు రాబడి వైపు వద్దాం. ఉద్యోగంలో రాబడి అంటే ఒకటే అంకె. సొంత పనిలో ప్రతి పనికీ మూడు తారీఖులు ఉంటాయి. పని పూర్తయిన రోజు, ఇన్వాయిస్ పంపిన రోజు, డబ్బు పడిన రోజు. షీట్‌లో మూడూ రాయండి.

నా పనినే తీసుకోండి. యూట్యూబ్ యాడ్స్ మీద జనవరిలో వచ్చిన ఆదాయం ఫిబ్రవరి 21 నుంచి 26 మధ్య వస్తుంది. అది కూడా బ్యాలెన్స్ 100 డాలర్లు దాటితేనే. బ్రాండ్ ప్రమోషన్ అయితే వీడియో పెట్టాక 45 రోజులు, 60 రోజులు అంటారు. జనవరి అంతా కష్టపడినా జనవరి అద్దెకి అందులోంచి ఒక్క రూపాయి కూడా అందదన్నమాట. పని బాగా నడుస్తున్నవాళ్ళు కూడా మొదటి మూణ్నాలుగు నెలల్లో కంగారుపడేది ఇక్కడే. ఆదాయం ఉంది, చేతిలో డబ్బు లేదు. షీట్‌లో మూడు తారీఖులూ ఉంటే "రావాల్సింది ఎంత, ఎప్పటికి" అని ఒక్క చూపులో తెలుస్తుంది.

రావాల్సింది మరీ లేటవుతుంటే ఒక చట్టం ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం. మీరు ఉద్యమ్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుంటే, రిజిస్ట్రేషన్ ఉచితం, మీ దగ్గర సర్వీస్ తీసుకున్న కంపెనీ ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. పని మొదలుపెట్టకముందే రిజిస్టర్ చేసుకుని ఆ నంబర్ ఇన్వాయిస్ మీద వెయ్యండి. గొడవ పడక్కర్లేదు, నంబర్ కనిపిస్తే చాలాసార్లు అకౌంట్స్ వాళ్ళే త్వరగా కదులుతారు.

తర్వాత టీడీఎస్. లక్ష రూపాయల ఇన్వాయిస్ పంపితే, ప్రొఫెషనల్ ఫీజు కింద సాధారణంగా 10 శాతం పట్టుకుని 90,000 వేస్తారు. ఆ పది వేలు పోయినట్టు కాదు. మీ పాన్ మీద ప్రభుత్వానికి కట్టిన టాక్స్ అది, మీ టాక్స్ రికార్డులో కనిపించాలి. అందుకని షీట్‌లో ఇన్వాయిస్ మొత్తం, టీడీఎస్, చేతికొచ్చింది అని మూడు విడి కాలమ్స్ పెట్టండి. ఒట్టి 90,000 అని రాసుకుంటే, ఎవరైనా టీడీఎస్ కట్ చేసి కట్టకపోయినా మీకు తెలీదు.

ఇంకో కారణం కూడా ఉంది. సర్వీసులు అమ్మేవాళ్ళకి మన రెండు రాష్ట్రాల్లో జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షలు. ఆ పరిమితి చూసేది లాభాన్ని కాదు, మొత్తం టర్నోవర్‌ని. విదేశీ క్లయింట్ల దగ్గర్నుంచి వచ్చింది కూడా అందులో కలుస్తుంది. ఇన్వాయిస్ మొత్తం రాస్తుంటేనే ఎక్కడున్నామో తెలుస్తుంది.

అడ్వాన్స్ టాక్స్ తారీఖులు క్యాలెండర్‌లో ఇప్పుడే పెట్టుకోండి. టీడీఎస్ పోగా ఏడాదికి కట్టాల్సింది 10,000 దాటితే, జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి 45, డిసెంబర్ 15కి 75, మార్చి 15కి నూరు శాతం కట్టి ఉండాలి. కొన్ని వృత్తుల వాళ్ళకి రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపించే వీలుంది, వాళ్ళు మొత్తం మార్చి 15కి ఒకేసారి కట్టొచ్చు. మీ పని అందులోకి వస్తుందో రాదో ఒక సీఏని అడగండి. ఆ ఫీజు దండగ కాదు.

ఇప్పుడు ఇదంతా నడిపే పద్ధతి. రెండు అకౌంట్లు పెట్టుకోండి. వచ్చే డబ్బంతా మొదటి దాంట్లో పడాలి. ఒకటో తారీఖున అందులోంచి రెండో దాంట్లోకి మీ అసలు ఖర్చు, మన కుర్రాడికైతే 71,000, మీరే జీతంగా వేసుకోండి. రెండు లక్షలు వచ్చిన నెలలో కూడా అంతే, ఏమీ రాని నెలలో కూడా అంతే. కార్డులు, యూపీఐ అన్నీ రెండో అకౌంట్‌కే లింక్ చెయ్యండి.

దీన్ని ఉద్యోగంలో ఉండగానే రిహార్సల్ చెయ్యండి. జీతం మొదటి అకౌంట్‌లో పడనివ్వండి, 71 మాత్రం రెండో దాంట్లోకి వెయ్యండి. ఆరు నెలలు దాంతో బతకగలిగితే మీ అంకె నిజం. నాలుగో నెలలోనే మొదటి అకౌంట్‌లో చెయ్యి పెట్టాల్సి వచ్చిందంటే మీ అంకె 71 కాదు, ఇంకా ఎక్కువ. జీతం ఉండగా తెలిస్తే సరిదిద్దుకోవచ్చు.

ఆఖరి మాట. నేను మానేద్దామనుకుంటున్నా అని ఇంట్లో చెప్పినప్పుడు మా నాన్న వ్యూస్ గురించి, ప్యాషన్ గురించి ఏమీ అడగలేదు. "ఎన్ని నెలలు నెట్టుకొస్తావురా?" అన్నారు. షీట్ తెరిచి చూపించాను. "పది నెలలు నాన్నా. డబ్బు నాలుగు నెలలకి తగ్గిన రోజు మళ్ళీ ఉద్యోగం వెతకడం మొదలుపెడతా" అన్నాను. నాలుగు ఎందుకంటే, ఇంటర్వ్యూలు, ఆఫర్, మొదటి జీతం చేతికి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. డబ్బులు అయిపోయిన రోజున వెతకడం మొదలుపెడితే దొరికిన దాంట్లో చేరిపోవాలి, జీతం మాట్లాడుకునే ఓపిక కూడా ఉండదు. ఆయన కాసేపు ఆ షీట్ చూసి, "మాకు పంపేది ఎందుకు రాశావు, ఆపెయ్" అన్నారు. ఆపలేదు. అది అద్దె లాగే ఖర్చులో మొదటి వరసలో ఉండాల్సిందే. దాన్ని తీసేసి చూస్తే నెలలు ఎక్కువ కనిపిస్తాయి, అంతే.

మీరు కూడా ఆ రెండు అంకెలూ రాసుకోండి. ఎన్ని నెలలు, ఎక్కడ ఆగాలి. ఇంట్లోవాళ్ళకి చూపించండి. వాళ్ళ భయం మొత్తం పోకపోవచ్చు గానీ, దేని గురించి భయపడాలో వాళ్ళకీ మీకూ తెలుస్తుంది. ఈ ఆదివారం ఒక్క పని చెయ్యండి. గత పన్నెండు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ దింపుకుని, నెలనెలా రాని ఖర్చులన్నీ ఏరి పన్నెండుతో భాగించండి. మీ 14,000 ఎంతో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇన్వాయిస్ ఎలా తయారుచెయ్యాలో చూద్దాం. ఉంటానండి, నమస్తే.