ముఖములు గీయువాని మాసము
(ప్రసంగ పాఠము)



జీతమునకు పనిచేయువానికి మాసము ఒక నమ్మకమైన మిత్రుడు. తేదీ వచ్చును, తేదీతో జీతమును వచ్చును. ఈ సభలోని వారిలో పెక్కుమంది మాసమును ఇట్లే ఎరుగుదురు. కాని జీతము, సెలవు, భవిష్యనిధి, పింఛను అను నాలుగు స్తంభములలో ఒక్కటియు లేక, తన కంటిని, చేతిని మాత్రమే నమ్ముకొని మాసమును ఈదువారును లోకమున కలరు. ఇతరుల ముఖములను గీసి, వారిని నవ్వించి జీవించు క్యారికేచరు చిత్రకారుడు అట్టివారిలో ఒకడు.

ఈ విద్య క్రొత్తది కాదు. 16వ శతాబ్దము చివర ఇటలీలోని బొలోన్యా నగరమున కర్రాచ్చి సోదరులు దీనిని వేడుకగా అభ్యసించిరి. ఇటలీ భాషలో ఈ పేరునకు మూలమైన పదమునకు బరువెక్కించుట యని అర్థము. అనగా ముఖమున ఉన్న లక్షణముపై మరికొంత బరువు మోపుట. లేనిదానిని కల్పించుట కాదు. ఫ్రాన్సులో దోమియే అను చిత్రకారుడు రాజైన లూయీ ఫిలిప్పును ప్రజల సొమ్మును మ్రింగు మహోదరునిగా గీసి, 1832లో కారాగారమునకు పోయెను. మన దేశమున శంకర్ 1948లో తన పేరనే వారపత్రికను స్థాపించి, ప్రధానియైన నెహ్రూను సైతము విడువక గీసెను. ఆ పత్రిక 1975లో నిలిచిపోయెను.

తెలుగువారు ఈ కళలో వెనుకబడినవారు కారు. తొలి తెలుగు కార్టూనిస్టుగా కీర్తింపబడు తలిశెట్టి రామారావుగారి జన్మదినమైన మే 20ని తెలుగు కార్టూనిస్టులు తమ దినముగా జరుపుకొనుచున్నారు. 1955లో న్యాయశాస్త్ర పట్టము పొందిన బాపుగారు నల్లకోటును గాక కుంచెను వరించిరి. 2014లో పామర్తి శంకర్ గారు గీసిన నెల్సన్ మండేలా ముఖచిత్రమునకు పోర్చుగల్ దేశమున వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో అత్యున్నత బహుమతి లభించెను. ఇవి శిఖరములు. శిఖరముల క్రింద పేరు లేని నేల చాల కలదు. ఆ నేలపై నడచు ఒక తెలుగు చిత్రకారుని, భిలాయి ఉక్కు కర్మాగారమునకు సున్నపురాతినిచ్చు ఈ నందినిలోనే కాపురమున్నట్లు ఊహించుకొనుడు.

అతని మాసము మొదటి వారము బొమ్మలతో గాక బాకీలతో ఆరంభమగును. క్రిందటి నెల గీసినవాటికి సొమ్ము రావలసి యుండును. ఒకచోట బిల్లుపై సంతకము చేయవలసిన అధికారి సెలవులో నుండును. మరియొకచోట మూలమున పన్ను తగ్గించి తక్కినది పంపుదురు. ఇంటి అద్దెకు మాత్రము సెలవు లేదు. కావుననే అనుభవజ్ఞుడు పనికి ముందే సగము సొమ్ము కోరును. అది అపనమ్మకము కాదు. పూచీ లేని జీవితమునకు కట్టుకొనిన చిన్న గట్టు.

రెండవ వారము పెండ్లి విందులది. పందిరి మూలన పీట వేసికొని, వచ్చిన అతిథిని ఎదుట కూర్చుండబెట్టి అయిదారు నిమిషములలో గీసి యిచ్చుట అచ్చటి పని. చూచువారికి చేయి కనుపించును. నిజముగా శ్రమించునది కన్ను. కనుబొమల నడిమి దూరమెంత, ముక్కునకు పెదవికి నడుమ ఎడమెంత, నుదురు ముఖమున ఎంతవంతు ఆక్రమించినది అని అది కొలుచుచుండును. సామాన్య ముఖమునకును ఎదుటి ముఖమునకును గల భేదమును పట్టి, ఆ భేదమునే పెంచవలెను. వెనుక నిలిచిన బంధువులు “ముక్కు ఇంకా పెద్దది చేయుడు” అందురు. కూర్చున్న వారు “పండ్లు మాత్రము వలదు” అందురు. ఉభయులను మెప్పించి, మూడు గంటలలో ముప్పది ముఖములు ముగించి, మెడ నొప్పితో అర్ధరాత్రి ఇల్లు చేరును. ఆషాఢమున, పుష్యమున ఈ సంపాదనయు ఉండదు. పంచాంగమును పురోహితునితో సమానముగా చూచుకొనువాడు ఇతడొక్కడే.

మూడవ వారము పత్రికల పని. ఉదయమున కబురు, సాయంకాలమునకు బొమ్మ. ఒక్క ఛాయాచిత్రమును చూచి గీసిన బొమ్మ ఆ ఛాయాచిత్రమునకే నకలగును గాని మనిషికి కాదు. కావున పది చిత్రములు చూచి, నడకను, మాటను చలనచిత్రములలో గమనించి గీయవలెను. ఈ వారముననే అతడు చట్టమును గూడ నేర్చుకొనవలెను. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము చిత్రమునకు సాధారణముగా చిత్రకారుడే తొలి హక్కుదారు. కాని ఒకరు సొమ్మిచ్చి గీయించుకొనిన రూపచిత్రమునకు, వేరు ఒప్పందము లేనిచో, గీయించినవారే తొలి హక్కుదారులు. ఒక్క కాగితముపై రెండు పంక్తులు వ్రాసికొననందున తన బొమ్మ తనది కాకుండ పోవుట ఈ వృత్తిలో జరుగుచుండును.

నాలుగవ వారము ఉద్యోగుల వారము. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి ఏ తేదీన జన్మించినను, పదవీ విరమణ సాధారణముగా మాసపు కడపటి దినముననే గదా! కావున వీడ్కోలు బహుమతికి బొమ్మ కావలెనను వారందరు 25వ తేదీ దాటినపిదప ఒక్కసారిగా వత్తురు. బట్టీల వద్ద పని ఎట్లుండునో అతని బల్ల యొద్ద అట్లుండును.

ఇట్టి వేళ ఒక ధర్మసంకటము వచ్చినదనుకొనుడు. విరమించు ఉద్యోగి ముఖమున బొల్లి మచ్చ కలదు. మిత్రులు వేళాకోళముగా, “ఆ మచ్చనే పెద్దది చేయుడు, అందరును గుర్తింతురు” అనిరి. చేతిలో అద్దె సొమ్ము లేదు. కాదన్నచో పని పోవును. చిత్రకారుడు ఏమి చేయవలెను?

రాజు పొట్టను పెంచి గీయుట ధైర్యము. రోగి మచ్చను పెంచి గీయుట ధైర్యము కాదు. మనిషి తాను సంపాదించుకొనిన గుణమును పెంచవచ్చును, విధి అతనికి అంటగట్టిన బాధను పెంచరాదు. తెలిసిన చిత్రకారుడు కోపింపడు, ఉపన్యసింపడు. “ఆయనకు అలవాట్లేమి?” అని ప్రశ్నించును. అపుడు మిత్రులకే గుర్తు వచ్చును: ఆయన జేబులో ఎప్పుడును మూడు కలములుండెడివి, అడిగినవారికి ఒకటి ఇచ్చి, సాయంకాలము మరువక తిరిగి తీసికొనెడివారు. బొమ్మలో జేబు బోరయగును, కలములు మూడు గునపములగును. సభ నవ్వును, ఆయనయు నవ్వును, ఆ పటము ఇంటి ముందుగదిలో వ్రేలాడును. మచ్చను పెంచి గీసిన బొమ్మయైనచో బీరువా వెనుకకు పోయెడిది.

నేడు చేతిఫోనులోని కృత్రిమ మేధ క్షణములో ఇట్టి బొమ్మను గీసి యిచ్చుచున్నది. చవుక పనులు కొన్ని అతని చేయి జారినవి. ఇది దాచరాని మాట. కాని యంత్రమునకు మూడు కలముల సంగతి ఎవరును చెప్పనిదే తెలియదు. “ఆయనకు అలవాట్లేమి?” అని మొదట అడుగవలెనను తలపు మనిషిది. నందిని సున్నపురాయి కొలిమిలో ఇనుప ఖనిజపు మలినమును తనతో తీసికొని పోవును. మంచి నవ్వును అట్లే; వీడ్కోలునాటికి మనసులలో మిగిలిన చిన్న కినుకలను అది తీసికొని పోవును.

కావున, సంఘ సభ్యులారా, వచ్చు మాసమున ఎవరి వీడ్కోలునకైనను ఇట్టి బొమ్మను కోరదలచినచో, కడపటి వారము వరకు ఆగక ముందుగా చెప్పుడు. హక్కుల మాట కాగితముపై వ్రాయుడు. బొమ్మ అందిన దినముననే సొమ్ము ఇండు. జీతపు తేదీ విలువ ఎరిగినవారికి ఈ మాట వివరింప పనిలేదు.