పని ఆపించే అధికారం ఎవరిది?



తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, పశ్చిమ ఆస్ట్రేలియాలో జూకన్ లోయ ఉంది. 46 వేల ఏళ్ల కిందటే మనుషులు మసలిన రాతి గుహలు అక్కడివి. 2020 మే నెలలో రియో టింటో కంపెనీ ఇనుప ఖనిజం కోసం వాటిని పేల్చేసింది. దొంగచాటుగా కాదు, 2013లో సర్కారు ఇచ్చిన అనుమతితోనే! ఆ అనుమతి వచ్చాక జరిగిన తవ్వకాల్లో నాలుగు వేల ఏళ్ల నాటి జుట్టు అల్లిక బయటపడింది. దాని డీఎన్‌ఏ ఇప్పుడు అక్కడున్న ఆదివాసులతో కలిసింది. అయినా ఏం లాభం? కొత్త సంగతి తెలిసిందని అనుమతిని మళ్లీ చూసే దారి 1972 నాటి చట్టంలో అప్పట్లో లేదు. ఇన్‌స్పెక్టర్ వచ్చినా ఏ నేరం పట్టుకుంటాడు చెప్పండి.

అదే దేశంలో విక్టోరియా రాష్ట్రం ఉంది. అక్కడి 2006 చట్టాన్ని 2016లో సవరించి ఆదివాసీ వారసత్వ అధికారులను తెచ్చారు. వీళ్లు గుర్తింపు ఉన్న ఆదివాసీ సంస్థలో ఉద్యోగులై ఉండాలి. వారసత్వ స్థలానికి ముప్పు ఉందనిపిస్తే 24 గంటలు పని ఆపించగలరు. ఒక్కరోజేనా అంటారేమో. బుల్డోజర్ ఎదురుగా నిలబడ్డోళ్లకు తెలుసు ఒక్కరోజు విలువ. కానీ నియామకం మాత్రం మంత్రి చేతిలోనే. నాకు అక్కడే గుచ్చుకుంటది.

మన అటవీ హక్కుల చట్టం కూడా 2006దే. సెక్షన్ 5 కింద సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఉంది. మీ దేవర గుట్ట, మీ పెద్దల సమాధి రాళ్లు సభ రికార్డుల్లో ఎక్కాయా? ఈసారి సభకు పోయినప్పుడు ఆ పుస్తకం తీయించి చూడండి.