రేడియోలో విన్న డిగ్రీ చదువు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెప్పారు. నన్ను చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో ఆ తరహాలో అదే మొదటిది. తొలి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డిగారు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు దానికీ ఆయనే మొదటి వైస్ ఛాన్సలర్. 1991లో మనదానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఆ రోజుల్లో ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష గట్టెక్కితే డిగ్రీలో చేర్చుకొనేవారు. ఎస్సెస్సెల్సీతో గుమాస్తాగా చేరిన నాబోటివాడికి అంతకన్నా ఏం కావాలి?

పుస్తకాలు ఇచ్చేవారు. ఆదివారం స్టడీ సెంటర్లో క్లాసులు. వీటికి తోడు ఆకాశవాణిలో పాఠాలు. మొహమాటం ఎందుకు, కాగితం చూసి చదివే పాఠాలకు నాకు నిద్ర వచ్చేది. ఇద్దరు కూర్చుని మాట్లాడుకొనేవి మాత్రం వేరు. అడిగేవారు మనలాగే తెలియక అడిగితే, ఆచార్యులవారు పుస్తకం పక్కన పెట్టి, ద్రవ్యోల్బణాన్ని బియ్యం బస్తాతో చెప్పేవారు. అది ఇప్పటికీ గుర్తుంది.

ఒకసారి డిగ్రీ పూర్తి చేసిన ఒకావిడతో మాట్లాడించారు. ఇద్దరు పిల్లల తల్లి, రాత్రిళ్లు అంట్లు తోముకున్నాక చదివానని చెప్పింది. వంటింట్లోంచి మా ఇంటావిడ వింటోంది. ఎనిమిదో తరగతితో చదువు ఆపించిన మనిషి. "ఏమండీ, ఆవిడ చదివితే నేను చదవలేనా?" అంది. ఆచార్యులు ఎంతమంది చెప్పినా రాని ధైర్యం, తనలాంటి ఇంకొక ఆడమనిషి గొంతు వింటే వచ్చింది.

ఇద్దరం చేరాం. "ఇంటిల్లిపాదీ డిగ్రీలు చేసి ఏం ఏలుతారయ్యా?" అని మా పై అధికారి ఒకరు నలుగురిలో నవ్వారు. నిజానికి డిగ్రీవల్ల నాకు ప్రమోషనేమీ రాలేదు. లాభమంతా ఆవిడకే. ఇవాళ మా వీధిలో ఫ్యామిలీ పెన్షన్ తీసుకొనే అమ్మలందరూ లైఫ్ సర్టిఫికెట్ వేళ మా గుమ్మం ముందే ఉంటారు. పి.పి.ఓ.లో ఏముందో ఆవిడే చదివి చెబుతుంది. భర్త పోయేదాకా ఆ కాగితం చూడనివారు వాళ్లలో ఎందరో! ఇళ్లకు వెళ్లాక మీవి ఒకసారి తీసి భార్యకు చూపించండి.

తరువాత 2001లో జ్ఞానవాణి ఎఫ్.ఎం. రేడియోలు మొదలయ్యాయి. ఫోన్ చేసి సందేహం అడిగే సౌకర్యం కూడా వచ్చింది. మాకు ఆ వైభోగం లేదు, కార్డు ముక్క రాసి పడేసేవాళ్లం.

ఒక మనవి. ఆనాటి సంభాషణలు టేపు చేసుకున్నవారు మనలో ఉంటారు. క్యాసెట్లు బూజు పట్టకముందే సంఘం ఆఫీసులో ఇవ్వండి. పైన మీ పేరు రాయండి, తిరిగి ఇచ్చే పూచీ నాది. టేపు రికార్డరు మా ఇంట్లో ఉంది, ఇంకా పనిచేస్తోంది.