వేటపాలెం గ్రంథాలయం: గోడలు కూడా చరిత్రే

చీరాల పక్కనే వేటపాలెం. ఒకప్పుడు గుంటూరు జిల్లా, 1970 నుంచి ప్రకాశం, 2022 నుంచి బాపట్ల జిల్లా. జిల్లాలు మారినా ఊరికి పేరు తెచ్చింది మాత్రం ఒక్కటే: సారస్వత నికేతనం.

1918లో వి.వి. శ్రేష్ఠిగారు నాటిన ఈ గ్రంథాలయం జనం విరాళాలతో పెరిగింది. 1929లో గాంధీజీ ఇక్కడ భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను నేటికీ భద్రంగా చూపిస్తారు. పాత పత్రికల కోసం పరిశోధకులు దూరప్రాంతాల నుంచి వస్తారు.

ఇలాంటి చోట పుస్తకాన్ని కాపాడాలంటే ముందు కప్పును, గోడను కాపాడాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలి, తేమ, చెదలు ముగ్గురు శత్రువులు. పాతకాలపు గోడలకు గానుగ సున్నం వాడేవారు. అది గాలి పీల్చుకుని తేమను బయటికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. అందుకే మరమ్మతుకు ముందు గోడ దేనితో కట్టారో తెలుసుకోవాలి. వానాకాలానికి ముందే కప్పు మీద చెత్త తీసి, తూములు శుభ్రం చేయాలి. గోడ పగుల్లో మొలిచిన రావిమొక్కను చిన్నగా ఉండగానే వేళ్లతో సహా తీసేయాలి.

మీ ఊళ్లోనూ పాత బడి, సత్రం, గ్రంథాలయం ఉండే ఉంటాయి. కూల్చేముందు ఒక్కసారి పాత కట్టడాల గురించి తెలిసినవారిని పిలిచి చూపించండి. మరమ్మతుతో నిలిచేదాన్ని నిలబెట్టుకోవడం మన బాధ్యత.